మునిగిన వరి సాగి సాగి చస్తోంది, దానికి మళ్ళీ ఎదుగుదల మందా?

సంపాదకులు గారికి,

గోదావరికి ఎర్రనీరు వచ్చిన ప్రతి ఏడూ మీ పేపర్లో ఒకే రకం వార్త వస్తుంది. ఫలానా మండలంలో ఇన్ని వేల ఎకరాల నారుమళ్ళు, ఊడ్పులు మునిగాయి అని, మోకాల్లోతు నీళ్ళలో నిలబడి కుళ్ళిన నారు ఎత్తి చూపిస్తున్న రైతు ఫొటో, దాని కింద పంట ఊపిరాడక చనిపోయిందని ఒక వాక్యం. ఫొటో నిజమే, రైతు బాధా నిజమే. కానీ ఆ వాక్యం సగమే నిజం, మిగతా సగం తెలియకపోవడం వల్ల మేం కొట్లో డబ్బులు పోసి మరీ నష్టం కొనుక్కుంటున్నాం.

వరికి నీళ్ళు కొత్త కాదు. వేళ్ళదాకా గాలి తీసుకెళ్ళే సన్నటి గొట్టాలు దాని ఒంట్లోనే ఉంటాయి. ఆకు మునిగినా దాని మీద పల్చటి గాలి పొర అంటుకుని ఉంటుంది (తేట నీళ్ళలో మునిగిన ఆకు వెండిలా మెరిసేది అందుకే), కొన్నాళ్ళపాటు ఆ పొర సాయంతో నీళ్ళ అడుగునే ఎంతో కొంత తిండి తయారు చేసుకుంటుంది. వాననీటి ముంపుకి తట్టుకున్న చేను ఎర్రనీటి ముంపుకి తట్టుకోకపోవడానికి ఒక కారణం ఇదే, ఆ బురద నీళ్ళలో వెలుతురు ఆకుదాకా పోదు.

అసలు కథ ఇథిలీన్‌ది. రావులపాలెంలో అరటి గెలలు మగ్గేది ఏ గ్యాస్ వల్లో అదే గ్యాస్. ప్రతి మొక్కా దాన్ని కొద్దికొద్దిగా తయారు చేసుకుంటూనే ఉంటుంది, బయట ఉన్నప్పుడు అది గాలిలో కలిసిపోతుంది కాబట్టి గొడవ లేదు. నీళ్ళలో గ్యాసులు కదిలే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ, దాంతో మునిగిన మొక్కలో ఇథిలీన్ బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. నేను మునిగాను అని మొక్కకి తెలిసేది అలాగే, కళ్ళూ చెవులూ లేకుండా. ఆ గ్యాస్‌ని పట్టుకోవడానికి కణాల్లో రిసెప్టర్లనే ప్రొటీన్లు ఉంటాయి. సంతలో ఎంత గోల ఉన్నా మన పేరు వినబడితేనే వెనక్కి తిరిగినట్టు, ఒక్కో రిసెప్టర్ తనకి సరిపోయే రసాయనానికే పలుకుతుంది. ఇథిలీన్ రిసెప్టర్లలో తమాషా ఏమిటంటే గ్యాస్ లేనంతసేపూ అవి పనిని తొక్కిపట్టి ఉంచుతాయి, గ్యాస్ వచ్చి అతుక్కుంటేనే ఆ పట్టు వదులుతుంది. (అరటికాయల దగ్గర నిషేధించినా కొందరు వాడే కార్బైడ్ నుంచి వచ్చే ఎసిటిలీన్ కూడా ఇదే రిసెప్టర్‌ని మోసం చేస్తుంది, అదో వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి.)

పట్టు వదిలాక ఏం జరుగుతుంది? నిద్ర పుచ్చే హార్మోన్ అబ్‌సిసిక్ ఆమ్లం తగ్గిపోతుంది, పొడుగు పెంచే హార్మోన్ జిబ్బరెలిన్ జోరు పెరుగుతుంది. మొక్క తల నీటిపైకి పెట్టాలని ఆకుల్నీ కాండాన్నీ సాగదీస్తుంది. నీళ్ళు రెండు మూడు రోజుల్లో తీసేస్తే బాగానే ఉంటుంది. మా మురుగు డ్రెయిన్లు తూడుతో, కిక్కిసతో పూడుకుపోయి నీళ్ళు వారం పది రోజులు కదలవు చూశారా, అప్పుడే అసలు చిక్కు. దాచుకున్న పిండి పదార్థమంతా సాగడానికే ఖర్చయిపోతుంది, తీరా నీళ్ళు దిగేసరికి ఒంట్లో సత్తువ ఉండదు, నిలబడలేక బురదలో పడిపోతుంది, ఆ పైన ఎండ కాస్తే సరే సరి.

దీనికి విరుగుడు దొరికింది మన పక్కనే, ఒడిశా పాత వరి ఎఫ్ఆర్13ఎలో. అందులోని సబ్1ఎ అనే జన్యువుని 2006లో గుర్తించారు. అదీ ఇథిలీన్ కబురుకే పలుకుతుంది, కానీ ఎదుగు అనదు, ఆగు అంటుంది. జిబ్బరెలిన్‌కి కళ్ళెం వేసే ప్రొటీన్లని పెంచి, మొక్క రెండు వారాలదాకా ఉన్న తిండిని పొదుపుగా వాడుకునేలా చేస్తుంది. ఆ జన్యువు ఎక్కించడానికి మొదట ఎంచుకున్న రకాల్లో ఒకటి స్వర్ణ, అంటే మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. మార్టేరులో పుట్టిన స్వర్ణ గురించి మీ పేపర్లో ఎన్నిసార్లో చదివాను, ఈ సంగతి మాత్రం నాకు కనబడలేదు. కోతల ముందు తుపానొచ్చి చేను పడిపోతే ఇది ఆదుకోదు, ఆ మాటా రాయాలి, లేకపోతే జనం దాన్ని సంజీవని అనుకుంటారు.

ఇప్పుడు డబ్బులు పోసి నష్టం కొనుక్కోవడం అన్నాను కదా. ముంపు దిగిన మర్నాడే పురుగుమందుల కొట్టుకి వెళ్తే చేతిలో ఒక టానిక్ డబ్బా పెడతారు, మాకూ పెట్టారు, చేను లేచి కూర్చుంటుందండీ అని. వెనక చిన్న అక్షరాల్లో చూస్తే జిబ్బరెలిక్ ఆమ్లం! దాని పుట్టుక కూడా వరి తెగులులోనే. జపాన్‌లో నారు పిచ్చిగా పొడుగు సాగి పడిపోయే తెగులు ఒకటుంది, దానికి కారణం ఒక బూజు విడిచే పదార్థమని 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త చూపించాడు, దానికే తర్వాత జిబ్బరెలిన్ అని పేరొచ్చింది. దాన్ని అందుకునే రిసెప్టర్ కూడా 2005లో జపాన్ వాళ్ళకి వరిలోనే దొరికింది. జులై, ఆగస్టుల్లో గోదావరి ఒకసారి పొంగి ఊరుకోదు. మొదటి ముంపుకీ రెండో ముంపుకీ మధ్య ఈ మందు కొట్టి నారుని సాగదీస్తే, అసలే సాగి సాగి నీరసించిన మొక్కని మళ్ళీ మనమే నీళ్ళలోకి తోసినట్టు. ముంపుకి ముందు జిబ్బరెలిన్ ఇచ్చిన వరి తక్కువగా బతుకుతుందనీ, దాన్ని అడ్డుకునే మందు ఇచ్చినది ఎక్కువగా బతుకుతుందనీ పరిశోధనల్లో తేలిన విషయమే. నీళ్ళు దిగాక శాస్త్రవేత్తలు చెప్పే యూరియా, పొటాష్ బూస్టర్ డోసు వేరు, దాన్ని నేను కాదనడం లేదు.

కొట్టువాణ్ణి తిట్టి లాభం లేదు, అతనికి కంపెనీ చెప్పింది అతను మాకు చెబుతాడు. మీ వ్యవసాయం పేజీలో మాత్రం రెండు పనులు చెయ్యొచ్చు. ముంపు వార్త రాసినప్పుడు ఎకరాల లెక్కతో పాటు నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయి, ఎర్రనీరా వాననీరా, చేను నారుమడిలో ఉందా పిలకల్లో ఉందా అని కూడా రాయండి, డ్రెయిన్ల పూడిక సంగతి అధికారుల్ని అడగడానికి మాకు అదే ఆధారం. రెండోది, జులై రాకముందే ఒక బాక్స్ కట్టి, డబ్బా మీద ఏ పేరు కనిపిస్తే ముంపు చేనుకి కొట్టకూడదో, సబ్1 రకాల విత్తనం ఈ డెల్టాలో ఏ కేంద్రంలో దొరుకుతుందో, కిలో ఎంతో మార్టేరు వాళ్ళని అడిగి వెయ్యండి.

ఇట్లు,
ఒక వరి రైతు,
అల్లవరం మండలం, కోనసీమ జిల్లా