పేగు జబ్బు ఉన్నవారికి దారి మధ్యలో బస్సు ఆపాలి

సంపాదకులకు నమస్కారం.

షుగరు, బీపీ ఉన్నాయని నలుగురిలో చెప్పుకోవడానికి మనకు మొహమాటం లేదు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్, ఐబీఎస్ లాంటి పేగు జబ్బులున్నవారు మాత్రం నోరు విప్పలేరు. పూటకు నాలుగైదుసార్లు దొడ్డికి పరుగెత్తాలని, ఒక్కోసారి రక్తం పడుతోందని ఎవరితో చెప్పుకుంటారు? పైగా ఈ జబ్బులు తరచుగా బయటపడేది చదువులు, ఉద్యోగాలు, పెళ్లి సంబంధాల వయసులోనే.

మా తమ్ముడికి కొలైటిస్. ప్రయాణం ఉందంటే ముందు రోజు రాత్రి నుంచే అన్నం మానేస్తాడు. ఆపమని అడగడానికి వీలుగా డ్రైవరు వెనక సీటే చూసుకుంటాడు. ఒకసారి అలా అడిగితే, “ఇంట్లో చూసుకుని ఎక్కాలి కదా” అని కండక్టరు బస్సంతా వినబడేలా అన్నాడు. అప్పటినుంచి వాడు బంధువుల ఇళ్లకు రావడమే తగ్గించాడు. పెళ్లిళ్లకు వచ్చినా విస్తరి ముందు కూర్చోడు. “ఒక్క ముద్దకు ఏమవుతుంది?” అని బలవంతపెట్టేవారు కొందరు, పొగరనుకునేవారు ఇంకొందరు. మనిషి ఇలాగే ఒంటరి అవుతాడు.

“టెన్షన్ తగ్గించుకో, అదే పోతుంది” అనే సలహా నాకు మరీ బాధ కలిగిస్తుంది. కొలైటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థే పెద్దపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆందోళన బాధను పెంచగలదు, నిజమే. కానీ ఆ ఆందోళనలో చాలా భాగం మరుగుదొడ్డి దొరుకుతుందో లేదోనన్న భయమే. ఈ జబ్బు తిరగబెట్టడం వల్లే జపాన్ ప్రధాని షింజో అబే 2020లో పదవి వదులుకున్నారు. మనవాళ్లు కారణం చెప్పుకోలేక చిన్న ఉద్యోగాలు కూడా వదిలేసుకుంటున్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ జబ్బుల పేర్లు లేవు. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం 2005లోనే, ఇలాంటి రోగులు అడిగితే దుకాణాలవారు సిబ్బంది మరుగుదొడ్డిని వాడుకోనివ్వాలని చట్టం చేసింది. మన దగ్గర అంత దూరం వెళ్లకముందే చేయగల పనులున్నాయి. డాక్టరు చీటీ చూపితే పెట్రోలు బంకు దగ్గరో, హోటలు దగ్గరో బస్సు ఆపాలని రెండు రాష్ట్రాల ఆర్టీసీలు సిబ్బందికి ఆదేశాలివ్వాలి. పోటీ పరీక్షల్లో ఇలాంటి అభ్యర్థులు బయటికి వెళ్లివస్తే ఆ సమయం కలపాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేగు జబ్బుల ఓపీ జరిగే రోజున మానసిక వైద్యుడు కూడా అందుబాటులో ఉండాలి. వీటిలో మొదటిదానికి ఒక్క సర్క్యులర్ చాలు. దాన్ని ఈ నెలలోనే ఇవ్వాలని ఆర్టీసీ యాజమాన్యాలను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఖమ్మం