ఆ రఫ్ నోట్సు ఇచ్చేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అమ్మాయి ఇక్కడ విజయవాడలోనే ఒక కాలేజీ హాస్టల్లో సీనియర్ ఇంటర్ బైపీసీ చదువుతోంది. మేముండేది పటమటలోనే అయినా నెలకోసారి ఔటింగ్‌కే ఇంటికొస్తుంది. పోయిన నెల స్టడీ అవర్లో బొమ్మలు గీస్తోందని వార్డెన్ గారు దాని రఫ్ నోట్సు లాక్కుని, నన్ను పిలిపించి చూపించారు. వెనక నుంచి ఇరవై పేజీలు బాల్‌పెన్నుతో నింపేసింది. అన్నిట్లో ఒకటే బొమ్మ. పొడుగాటి వరండా, రెండు వైపులా తలుపులు, ఒక్కదానికీ గడియ లేదు. కొన్ని పేజీల్లో పెన్ను ఎంత గట్టిగా నొక్కిందో, కాగితం చిరిగిపోయింది. 'టైమ్ వేస్టు చేస్తోందండీ, మీరే చెప్పండి' అన్నారావిడ. నాకు మాత్రం గుండె గుభేలుమంది. ఫోన్లో నాలుగు నెలలుగా 'బానే ఉన్నానమ్మా' అంటున్న పిల్ల, ఆ పుస్తకంలో మాత్రం అబద్ధమాడలేదు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది గానీ, అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలంది. ఆటలకు, కళలకు చోటివ్వాలని కూడా చెప్పింది. మా అమ్మాయి కాలేజీలో కౌన్సెలర్ ఎవరని అడిగితే ఒక లెక్చరర్‌ని చూపించారు. ర్యాంకు ఎందుకు తగ్గిందని రోజూ నిలదీసే మనిషి దగ్గరే పిల్ల మనసు విప్పాలన్నమాట!

ఆదివారం టెస్టు అయ్యాక ఒక గంట, కాసిని తెల్లకాగితాలు, రంగులు ఇస్తే కాలేజీ వాళ్ల ఆస్తులేం కరిగిపోవు. దయచేసి దాన్నీ పోటీ చేయకండి. మన ఊళ్లో పిల్లలు బొమ్మ వేశారంటే చాలు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో స్టేజీ, మెమెంటోలు, బయట ఫ్లెక్సీ. దిగులుతో గీసిన గీతకి ఫస్ట్ ప్రైజేమిటి? మార్కులు వేయొద్దు, గోడకి అంటించొద్దు. పిల్లలు చూపిస్తే చూడండి, చాలు.

బొమ్మలేస్తే జబ్బు నయమైపోతుందని నేననడం లేదు. నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా డాక్టరుకి చూపించాల్సిందే. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. నోటీసు బోర్డు మీద ర్యాంకుల పక్కన ఆ నంబరు రాయండి. పిల్లల దగ్గర ఫోన్లుండవు కాబట్టి ఆఫీసు ఫోన్నుంచైనా చేయనివ్వండి.

మొన్న ఔటింగ్‌కి వచ్చినప్పుడు మేమూ డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన ముందుగా ఆ బొమ్మలే చూపించమన్నారు. పుస్తకం ఇంకా వార్డెన్ గారి బీరువాలోనే ఉంది.

— ఒక తల్లి, పటమట, విజయవాడ
(పేరు ప్రచురించవద్దని మనవి)