ఫొటో గడిలో పట్టకపోతే కత్తిరించండి, సాగదీయకండి

అయ్యా,

మీ పత్రిక తిరుపతి జిల్లా పేజీల్లో వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనలను నేను రోజూ చూస్తాను. ఈ వయసులో తెలిసినవాళ్లెవరైనా వెళ్లిపోయారేమోనన్న ఆందోళన కొంత, ఫొటో ఎలా వేశారో చూద్దామన్న వృత్తిదోషం కొంత. బైరాగిపట్టెడలో నాకు ఫొటో స్టూడియో ఉంది. గత నెలలో ఒకావిడ మీ పేజీ ముక్క పట్టుకుని వచ్చి, "అన్నా, ఇందులో ఉన్నది మా ఇంటాయన కాదు" అన్నారు. ఆయనే. నేను తీసిన ఫొటోనే. బక్కపలచని మనిషి, కోలముఖం. మీరు కేటాయించిన గడి చతురస్రం, ఫొటో ఏమో నిలువుది. గడి నిండాలని ఎవరో దాన్ని అడ్డంగా లాగేశారు. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పాస్‌పోర్టు ఫొటోను అలా లాగితే ముఖం వెడల్పు నాలుగో వంతుకు మించి పెరుగుతుంది. బతికుండగా పట్టని ఒళ్లు ఆయనకు పోయాక మీ పేజీలో పట్టింది.

డార్క్ రూమ్ రోజుల్లో ఇలా చేద్దామన్నా సులువుగా కుదిరేది కాదు. ఫిల్ములోని బొమ్మను కాగితం మీద పెద్దదిగా పడేసే ఎన్‌లార్జర్ యంత్రం తల పైకి జరిపితే బొమ్మ పెద్దదయ్యేది, కిందికి దించితే చిన్నదయ్యేది. అడ్డం, నిలువు రెండూ ఒకే పాళ్లలో మారేవి. కాగితం బల్లను కావాలని వాలుగా పెడితే తప్ప ముఖం చెడేది కాదు. కాగితం చాలకపోతే అంచు బయటికి పోయేది, అంతే. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కో ఫ్రేము 36కి 24 మిల్లీమీటర్లు కాబట్టి 6కి 4 అంగుళాల కాగితం మీద చక్కగా కూర్చునేది. 10కి 8 కావాలన్నవాళ్లకు ఏ పక్క ఎంత పోతుందో ముందే చూపించి, సరేనంటేనే వేసేవాళ్లం. ఇప్పటి ఫోన్లు సాధారణంగా 4కి 3 పాళ్లలో తీస్తాయి. వాటినీ అలాగే చూపించి అడగవచ్చు. అడిగే ఓపిక పోయింది.

కంప్యూటర్‌ను తప్పు పట్టను. వర్డ్‌లోనైనా కోరల్‌డ్రాలోనైనా ఫొటో మూల పట్టుకుని లాగితే పాళ్లు నిలుస్తాయి, పక్కగీత మధ్యలో పట్టుకుని లాగితే చెడతాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పీడ విరగడవుతుంది. డీటీపీ చేసేవాళ్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటేనే పాళ్లు నిలిచేవి. ఫొటోషాప్‌లోనూ చాలాకాలం అదే పద్ధతి. 2019 వెర్షన్ నుంచి అక్కడ అది తిరగబడింది. ఏమీ నొక్కకపోతే పాళ్లు నిలుస్తాయి, షిఫ్ట్ నొక్కితే సాగుతుంది. ఏళ్ల తరబడి షిఫ్ట్ మీద వేలు పెట్టి పని నేర్చుకున్నవాళ్లు జాగ్రత్తపడదామనే నొక్కుతారు, ముఖం పాడవుతుంది.

ఇక పిల్లల దరఖాస్తుల సంగతి. బ్యాంకు పరీక్షలకు ఫొటో 200కి 230 పిక్సెళ్లు (తెర మీద బొమ్మను కూర్చే చుక్కలు) ఉండాలనీ, ఫైలు 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలనీ అడుగుతుంటారు. మన దగ్గర ఉండేది మూడున్నరకి నాలుగున్నర ఫొటో. దాన్ని పాళ్లు చెడకుండా 200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గిస్తే ఎత్తు 257 వస్తుంది. అదనంగా ఉన్న 27 వరుసలను ఛాతీ వైపు నుంచి కత్తిరిస్తే సరి. నెట్ సెంటర్లలో చాలామంది వెడల్పు, ఎత్తు గడుల్లో ఆ రెండు అంకెలు కొట్టి ఊరుకుంటారు. అభ్యర్థి ముఖం పన్నెండు శాతం వెడల్పవుతుంది. రేపు పరీక్ష కేంద్రం గుమ్మంలో హాల్ టికెట్‌నూ మనిషినీ మార్చి మార్చి చూసేటప్పుడు ఆ పిల్ల గుండె ఎలా కొట్టుకుంటుందో వాళ్లకేం పట్టింది?

కేబీల గొడవ కూడా అక్కడే మొదలవుతుంది. పిక్సెళ్ల లెక్క వేరు, ఫైలు బరువు వేరు. ఫోనులో తీసిన 4000కి 3000 పిక్సెళ్ల ఫొటోను అలాగే ఉంచి 50 కేబీలకు నొక్కాలని చూస్తే అది ఫొటోగా మిగలదు. ఫొటో ఫైలును చిన్నది చేసే జేపెగ్ పద్ధతిలో బొమ్మను 8కి 8 పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరంలో కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తారు. గట్టిగా నొక్కేకొద్దీ వదిలేసేది పెరుగుతుంది, చివరికి చెంప మీద చదరాలే తేలతాయి. పోయినది మళ్లీ రాదు. ముందు కత్తిరించి, తర్వాత పిక్సెళ్లు తగ్గించి, ఆఖరున ఒక్కసారి సేవ్ చేస్తే పెద్దగా నొక్కకుండానే ఫైలు 50 కేబీల లోపు వచ్చేస్తుంది. ఒక్కోసారి 20 కంటే కిందికి కూడా పోతుంది, అప్పుడు నాణ్యత అంకె పెంచాలి. దరఖాస్తు ఫారాలు తయారుచేసేవాళ్లు తెర మీద ఒక చట్రం చూపించి, అందులో ముఖాన్ని జరుపుకోమంటే ఈ బాధ ఎవరికీ ఉండదు. కొన్నిచోట్ల అలాంటి ఏర్పాటు ఉంది కూడా.

ఫ్లెక్సీల గురించి ఎక్కువ చెప్పను, గంగజాతర నెలలో తిరుపతికి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. జాతరలో వేషం వేసేవాళ్లకు అది మొక్కు. ఫ్లెక్సీలో వేషం మారిపోయేవాళ్లకు ఏ మొక్కూ లేదు. పది అడుగుల ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తాం కాబట్టి కాస్త మసకగా ఉన్నా కంటికి తెలియదు. ముఖం సాగితే మాత్రం వీధి చివరి నుంచే తెలుస్తుంది. మనవాళ్లు మసకకు భయపడి ఫొటోకు పదును మీద పదును పెట్టిస్తారు, సాగదీతను పట్టించుకోరు.

ఈ మధ్య కృత్రిమ మేధతో పాత ఫొటోలను పెద్దవి చేసి ఇస్తున్నారు. చిన్న ఫొటోలో లేని కనురెప్పలను, చర్మపు గీతలను అది ఊహించి గీస్తుంది. పెళ్లి పత్రికకు పనికివస్తుందేమో. పోయినవారి ముఖానికి నేను వాడను.

మీ పత్రికకు నా మనవి ఇది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పిక్సెళ్లు తగ్గి, మళ్లీ నొక్కబడి చేరుతుంది. ఇంటివాళ్ల నుంచి బంధువుకు, బంధువు నుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి మీ డెస్కుకు వచ్చేలోగా ఎన్ని చేతులు మారుతుందో మీకే తెలుసు. ఫొటోను డాక్యుమెంటుగా పంపమని, లేదా అసలు ఫైలును ఈ-మెయిల్ చేయమని ప్రకటన ఫారం మీదే ఒక వాక్యం అచ్చువేయించండి. గడికి సరిపోని ఫొటో వస్తే ఇంటివాళ్లను అడిగి కత్తిరించండి. వాళ్లు వద్దంటే పక్కన ఖాళీ వదిలేయండి. ఆ తెల్ల జాగాకు కూడా చదరపు సెంటీమీటరు లెక్కన వాళ్లు డబ్బు కడుతున్నారు.

భవదీయుడు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
బైరాగిపట్టెడ, తిరుపతి