ఆ బొమ్మను చూడటం నేర్పిన ముగ్గురికి

ఎరిక్ రవిలియస్ మీద రాస్తున్న వ్యాసం నిన్న రాత్రి పూర్తయింది. మీ ముగ్గురూ లేకపోతే అది సగంలోనే ఆగిపోయేది. అందుకే ఈ నాలుగు మాటలు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ప్రభుత్వం యుద్ధ చిత్రకారుడిగా తీసుకుని నౌకాదళంతో పంపిన వాటర్‌కలర్ ఆర్టిస్ట్ ఆయన. 1940లో నార్వే సముద్రంలో చూసి వేసిన ‘హెచ్.ఎం.ఎస్. గ్లోరియస్ ఇన్ ది ఆర్కిటిక్’ ఇప్పుడు ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. విమానవాహక నౌక, పైన విమానాలు, నీళ్ల మీద వెలుగు. ఎంత ప్రశాంతంగా ఉందో అని మొదట రాసేశాను.

నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఆ వాక్యం దగ్గరే ఆపారు. విమానం దిగాలంటే ఓడ గాలికి ఎదురు తిరిగి, వంకర పోకుండా తిన్నగా సాగాలట. పొంచి ఉన్న సబ్‌మెరైన్‌కు అంతకన్నా అదను దొరకదు. నార్వే నుంచి వెనక్కి వస్తూ గ్లోరియస్ మీద దిగిన హరికేన్ ఫైటర్లకు డెక్ మీద విమానాన్ని ఆపే తీగను పట్టుకునే కొక్కెం కూడా లేదు. బ్రేక్ వేస్తే ముందుకు బోర్లాపడకుండా తోకలో ఇసుక సంచి పెట్టుకుని దిగారు! జూన్ 8న జర్మన్ యుద్ధనౌకలు షార్న్‌హోర్స్ట్, గ్నైజెనావ్ గ్లోరియస్‌ను, దానికి కాపలాగా ఉన్న రెండు డిస్ట్రాయర్లను ముంచేశాయి. 1,500 మందికి పైగా చనిపోయారు. సార్, ఇదంతా విన్నాక ఆ విమానాలను చూస్తుంటే గుండె పట్టేసినట్టు ఉంటోంది.

పాత ఎగ్జిబిషన్ పుస్తకం పేజీలు ఓపిగ్గా స్కాన్ చేసి పంపిన తమ్ముడికీ రుణపడి ఉన్నాను. రవిలియస్ గ్లోరియస్ మీదే ఉన్నాడని రాశాను. కాదక్కా, హైలాండర్ అనే డిస్ట్రాయర్ మీద ఉన్నాడని సరిదిద్దింది అతనే. చిన్న తప్పేమీ కాదు, ఆయన బతికి ఇంటికి రావడానికి కారణమే అది.

ఇక బొమ్మలు నేర్పే అక్క. కుంచెను గుడ్డకు తుడిచి తుడిచి, తడి దాదాపు పోయాక కాగితం మీద అడ్డంగా లాగి చూపించింది. రంగు గరుకు మీదే అంటుకుంది, మధ్యలో తెల్ల కాగితం అలాగే మిగిలింది. ఆయన వెలుగు తెల్ల రంగులోంచి కాదు, కాగితంలోంచే వస్తుందని అప్పుడు కళ్లారా చూశాను. ఆ ముక్కను నోట్‌బుక్‌లో అంటించుకున్నాను.

1942 సెప్టెంబర్ 2న ఐస్‌లాండ్ దగ్గర, తప్పిపోయిన విమానాన్ని వెతకడానికి వెళ్లిన విమానంలో రవిలియస్ కూడా ఎక్కాడు. అది తిరిగి రాలేదు. ఆయనకు 39 ఏళ్లు. ఆ పేరా రాయలేక మూడు రోజులు ఆగిపోయినప్పుడు రోజూ ఫోన్ చేసింది కూడా అక్కే.

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సార్, చిన్న అక్షరాలు కనబడటం లేదన్నారు కదా, ఆదివారం ఫోన్లో మొత్తం చదివి వినిపిస్తాను.