ఊదకుండా పట్టుకున్న క్లారినెట్

సంపాదకుడు గారికి,

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడి బ్యాండ్‌లో రెండో వరుస క్లారినెట్ వాయిస్తుంది. బ్యాండ్ పోటీ అయిన మర్నాడు దాని సంచీ సర్దుతుంటే నొటేషన్ షీట్ చేతికి తగిలింది. రెండో పేజీలో పదహారు బార్ల (నిలువు గీతల మధ్య ఉండే తాళం గడుల) చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంది. దాని పైన మాస్టారి చేతిరాత: 'ఇక్కడ ఊదొద్దు. వేళ్లు కదిపితే చాలు.'

వాళ్ల బ్యాండ్‌కి కప్పు వచ్చింది. ఫొటోలో మా పిల్ల కూడా నవ్వుతూనే ఉంది. "అయితే ఈ పదహారు బార్లూ నువ్వు వాయించలేదా?" అని అడిగాను. "నేనొక్కదాన్నే కాదు నాన్నా, మా వరుసలో నలుగురం ఊదలేదు" అంది, అదేదో నాకు ఓదార్పు అయినట్టు.

ఇది చదవగానే 'పిల్లలకి అంత కష్టమైన సంగీతం ఎందుకండీ, తేలికవి నేర్పితే సరిపోదా' అనేవాళ్లు ఉంటారు. ఆ మాట అనడానికి నేనీ ఉత్తరం రాయడం లేదు. నేనూ బడిలో కార్నెట్ (ట్రంపెట్ లాంటి బాకా) ఊదినవాణ్నే. మూడేళ్లూ అవే నాలుగు మార్చ్‌లు. మూడో ఏడాదికి షీట్ చూసే పనే ఉండేది కాదు. చేతులు వాయిస్తుంటే బుర్ర ఆటస్థలంలో ఉండేది. పక్కవాడు తప్పు స్వరం పట్టినా వినపడేది కాదు, ఎందుకంటే వినాల్సిన అవసరమే రాలేదు. బడి వదిలాక కార్నెట్ మళ్లీ ముట్టుకోలేదు. కష్టమైంది ఒక్కటైనా మా ముందు పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి కష్టమైన సంగీతం ఉండాల్సిందే. కాకపోతే ఏది కష్టం అన్న దగ్గరే పెద్దవాళ్లం పొరబడుతున్నాం. వేగంగా ఉంటే కష్టం, పైస్థాయి స్వరాలుంటే కష్టం, షీట్ చీమలు పాకినట్టు నల్లగా ఉంటే మరీ కష్టం అనుకుంటాం. నిజానికి పదిమంది పిల్లలు నెమ్మదైన పాటలో ఒకే స్వరాన్ని, సన్నగా, నాలుగు లెక్కల పాటు వణక్కుండా నిలపాలంటే చెమటలు పడతాయి. వేగంలో తప్పులు కొట్టుకుపోతాయి. ఆ నెమ్మదిలో ఎవరి శ్రుతి ఎటు జారిందో దాక్కోవడానికి చోటుండదు. పోటీ జడ్జీల చెవికి మాత్రం వేగమే ముందు ఆనుతుందేమోనని నా అనుమానం.

క్లారినెట్ సంగతే చూడండి. దానిలో 'బ్రేక్' అని ఒక గండం ఉంది. చూపుడు వేలు ఒక్కదానితో పలికే స్వరం నుంచి, దాని పక్కనే ఉన్న స్వరానికి వెళ్లాలంటే దాదాపు వేళ్లన్నీ ఒక్కసారిగా దించాలి. ఒక్క వేలు రంధ్రం మీద సరిగ్గా కూర్చోకపోయినా కీచుమంటుంది. మా అమ్మాయి చేత ఊదనివ్వని ఆ పదహారు బార్లలో ఈ గండం పదకొండు సార్లు వస్తుంది, నేను లెక్కపెట్టాను. పాట ఎంచుకున్నది పోటీకి ఆరు వారాల ముందు. ఆరు వారాల్లో ఆ గండం దాటించడం కుదరదని మాస్టారికి తెలుసు. అందుకే పెన్సిల్ తీశారు.

ఆయన మీద నాకు కోపం లేదు. బడికి కప్పు కావాలి, మాలాంటి తల్లిదండ్రులకి ఫొటో కావాలి. మధ్యలో ఆయన ఏం చేస్తారు?

అయితే ఇంకో దారి ఉంది, అది కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1958లో 'నోయీస్ ఫ్లడ్' అనే సంగీత నాటకాన్ని ఎక్కువ భాగం పిల్లలే పాడి వాయించేలా రాశాడు. పిల్లల వయొలిన్లకు మూడు వరుసలు పెట్టాడు. మొదటి వరుసది కాస్త చేయి తిరిగినవాళ్ల పని. మూడో వరుసలో కమాను పట్టడం అప్పుడప్పుడే నేర్చినవాళ్లు ఉంటారు. వాళ్లకి వేళ్లు నొక్కే పని లేకుండా ఖాళీ తీగల మీదే సాగిపోయే భాగాలు చాలా ఇచ్చాడు. వాన చినుకుల చప్పుడు కోసం వరుసగా వేలాడదీసిన కప్పుల్ని కొట్టే పని కూడా పిల్లలకే. మొత్తం కలిపి వింటే అది తేలికైన సంగీతం కానే కాదు. కానీ వాయిద్యం పట్టుకుని ఉత్తినే నిలబడే పిల్ల అందులో ఎక్కడా లేదు.

గుస్టావ్ హోల్స్ట్ అనే స్వరకర్త కూడా అలాంటివాడే. కొన్నాళ్లు ట్రాంబోన్ ఊది పొట్ట పోసుకున్న మనిషి, తర్వాత 1905 నుంచి చనిపోయేదాకా లండన్‌లో ఒక ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. ఆ బడి ఆర్కెస్ట్రా కోసమే 1913లో 'సెయింట్ పాల్స్ సూట్' అనే వాద్య రచన పూర్తి చేశాడు. ఎదురుగా కూర్చున్న పిల్లలు ఎంత వాయించగలరో ఎరిగి, దానికి ఒక మెట్టు పైన రాశాడు. పిల్లల కోసం కదా అని నాసిరకం సరుకు అంటగట్టలేదు. పేరున్న ఆర్కెస్ట్రాలు ఇప్పటికీ దాన్ని వాయిస్తున్నాయి.

పిల్లలు చిక్కు తాళం లెక్కలకు జడుస్తారన్నదీ సగం అపోహే. స్వరకర్త పెర్సీ గ్రెయింజర్ 1937లో బ్యాండ్ కోసం 'లింకన్‌షైర్ పోజీ' రాసినప్పుడు మొదటి ప్రదర్శనలో ఆరు భాగాల్లో మూడే వినిపించగలిగారు. అందులోని చిక్కు లయలు చూసి మొరాయించేది తలపండిన వృత్తి బ్యాండ్ వాద్యకారులేనని ఆయన ముందుమాటలో వెక్కిరించాడు. మా ఇంట్లో నేను చూసిందీ అదే. అయిదు లెక్కల బార్ వస్తే నేను తడబడతాను. మా పిల్ల మాత్రం 'తక తకిట' అనుకుంటూ మెట్లు దిగుతుంది.

ఇక బడులనీ, పోటీలు పెట్టేవాళ్లనీ అడిగేది ఇంతే. ఏడాదికి ఒక్క కష్టమైన పాట చాలు, కానీ దాన్ని ఏడాది మొదట్లోనే చేతికివ్వండి. ముందు పాడించండి, చప్పట్లతో లెక్క పట్టించండి, వాయిద్యం తర్వాత. ఏ పిల్లకైనా ఒక చోటు అందకపోతే అక్కడ 'ఊదొద్దు' అని రాసే బదులు, ఆ పెన్సిల్‌తోనే అందే స్వరాలు నాలుగు రాసివ్వండి. పదహారు బార్లకు అలా రాయడం ఓ అరగంట పని. పోటీ నిబంధనల్లో వేదికెక్కిన ప్రతి పిల్లా తన భాగం వాయించి తీరాలని చేర్చండి. జడ్జీలు పాట కష్టానికి మార్కులు వేస్తే వేయనివ్వండి, వెనక వరుస చప్పుడుకీ కొన్ని వేయమనండి.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట. నిజంగా కష్టమైంది వాయిస్తే వేదిక మీద తప్పులొస్తాయి. పోయినేడాది కచేరీలో ఒక అబ్బాయి ట్రంపెట్ బుసకొడితే నా ముందు వరుసలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. వాళ్లని చూసి నేనూ నవ్వాను, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అలా నవ్వేవాళ్లకి భయపడే కదా మాస్టార్లు పెన్సిల్ తీసేది.

పోటీ అయిపోయినా మా అమ్మాయి ఆ షీట్ తిరిగి ఇవ్వలేదు. రోజూ సాయంత్రం మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని ఆ పదహారు బార్లనే పట్టుకుంటోంది, చివరి బార్‌తో మొదలుపెట్టి ఒక్కో బార్ వెనక్కి. గండం వచ్చిన చోటల్లా కీచుమంటోంది, కింద ఇంటివాళ్లు కిటికీ వేసుకుంటున్నారు. నిన్నటికి తొమ్మిది బార్లు లొంగాయి.

ఇట్లు,
ఒక క్లారినెట్ విద్యార్థిని తండ్రి