జాబ్ మేళాలో ముందు పరీక్ష పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

జాబ్ మేళా జరిగిన ప్రతిసారీ ఎంతమంది వచ్చారో, ఎంతమందికి ఉద్యోగాలు దొరికాయో మీ జిల్లా పేజీలో రాస్తుంటారు. బల్ల దగ్గర నుంచే వెనక్కి పంపేసినవాళ్ల లెక్క మాత్రం ఎక్కడా కనపడదు. ఈమధ్య ఒంగోలులో అలా తిరిగొచ్చినవాళ్లలో మా చిన్నాన్న కొడుకు ఒకడు.

వాడు ఇంటర్ ఓపెన్ స్కూల్లో, బీకాం దూరవిద్యలో పూర్తిచేశాడు. ప్రోగ్రామింగ్ మాత్రం ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టి, తర్వాత ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కుని సాధన చేశాడు. ఫ్యాట్, లీటర్లు కొడితే ఎవరికెంత ఇవ్వాలో తేల్చే యాప్ ఒకటి మా ఊరి పాల కేంద్రానికి రాసిచ్చాడు. ఇప్పుడక్కడ డబ్బులు ఆ లెక్క ప్రకారమే ఇస్తున్నారు. బల్ల దగ్గరున్నాయన ఆ యాప్ చూడనే లేదు. “రెగ్యులరా? టెన్త్ నుంచి అరవై శాతం ఉందా? గ్యాప్ ఎన్నేళ్లు?” అనడిగి రెజ్యూమే పక్కన పడేశాడు.

నేనూ ఆ దారిన వచ్చినదాన్నే. టెన్త్‌తో చదువు ఆగిపోయి, చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో బిల్లులు రాయడానికి చేరాను. స్లాబు పొడవు, ఎత్తు అంగుళాల్లో కొలిచి, గుణించి, 144తో భాగిస్తే చదరపు అడుగులు. లారీలో ఎన్ని స్లాబులుంటే అన్ని లెక్కలు. ఎక్సెల్ అక్కడే పట్టుబడింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు స్లాబుల మీద 28 శాతం వేశారు, నవంబరులో 18కి తగ్గించారు. నాకంటే ముందున్న గుమాస్తా ఫైల్లో ఆ 28 ప్రతి గడిలోనూ విడివిడిగా ఉంది. అన్నీ మార్చేసరికి అర్ధరాత్రయింది. రేటు ఒక్కచోటే పెట్టి, మిగతా గడులన్నీ అక్కణ్నుంచి తీసుకునేలా చేస్తే ఈ బాధ ఉండదు కదా అనిపించింది. బీటెక్‌లో ఈ పాఠం ఏ సెమిస్టర్లో చెబుతారో గానీ, నాకు చెప్పింది జీఎస్టీ కౌన్సిలే! తర్వాత లారీలో సరుకు పంపేటప్పుడు ఆన్‌లైన్లో తీసుకోవాల్సిన ఈ-వే బిల్లులొచ్చాయి. ఒక్కొక్కటీ పోర్టల్లో కొట్టే బదులు, పోర్టల్ చదవగలిగే పద్ధతిలో వివరాలన్నీ పెట్టిన జేసన్ ఫైలు తయారుచేసి అన్నీ ఒకేసారి ఎక్కించవచ్చని తెలిసి, దానికోసం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటి నుంచే ఒక చిన్న కంపెనీకి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. వాళ్లు నన్ను మార్కుల మెమో అడగలేదు. ఒక పని అప్పగించి, చేసి చూపించమన్నారు.

కాలేజీ చదువు వృథా అని నేననను. నా రిపోర్టు ఎందుకంత నిదానంగా వస్తోందో, వెతకడం త్వరగా అయ్యేలా డేటాబేసులో పెట్టే ఇండెక్స్ ఎందుకో విడమరిచి చెప్పింది మా టీములో బీటెక్ చదివిన అమ్మాయే. సొంతంగా నేర్చుకునేవాళ్లకు అవసరం పడినవే వస్తాయి, మిగతావి అలా ఉండిపోతాయి. మూడు నెలల్లో లక్షల ప్యాకేజీ అనే ప్రకటనలను నేనూ నమ్మను.

కానీ ఈ అరవై శాతం, నో గ్యాప్ నిబంధన ఏం చేస్తోందో చూడండి. మావాడు ఇంకా గేటు దాటలేదు, పక్కనున్న కుర్రాడు సలహా ఇచ్చేశాడు: “గ్యాప్‌లో ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టించెయ్యి అన్నా, అందరూ చేసేదేగా.” నిజం చెప్పినవాణ్ని కిందికి రాల్చి, అబద్ధం రాసుకొచ్చినవాణ్ని పైన నిలబెట్టే జల్లెడ ఇది.

గుర్తింపు ఉన్న సంస్థలో చేసిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులోనే స్పష్టం చేసింది. మద్రాసు ఐఐటీ 2020లో పెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సులో చేరడానికి జేఈఈ రాయనక్కర్లేదు. నాలుగు వారాలు పాఠాలు చెప్పి, వాటిమీదే పరీక్ష పెట్టి, గట్టెక్కినవాళ్లను తీసుకుంటారు. ఐఐటీకి సరిపోయిన పద్ధతి మన జాబ్ మేళాకు సరిపోదా?

అన్ని దరఖాస్తులు వస్తే ఎలా వడపోయాలని కంపెనీలు అడుగుతాయి. అడగాల్సిందే. అందుకే మేళాకు ముందొచ్చే ఆదివారం ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో గంటన్నర ప్రోగ్రామింగ్ పరీక్ష పెట్టించమని జిల్లా అధికారులను కోరుతున్నాను. ఒంగోలు చుట్టుపక్కల అలాంటి కాలేజీలకు కొదవలేదు, ఆదివారం ల్యాబులు ఖాళీగానే ఉంటాయి. వచ్చిన మార్కులను బట్టే ఇంటర్వ్యూకి పిలవాలి, చదువు వివరాలు ఆ తర్వాతే అడగాలి. కంపెనీలను ఆహ్వానించేటప్పుడే ఈ షరతు పెట్టొచ్చు. వీలైతే ప్రశ్నలు తెలుగులో కూడా ఇవ్వండి. కోడ్ ఎలాగూ ఇంగ్లిషులోనే రాస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా