సోమవారం నుంచి మా వీధిలోకి కారు తేవద్దండీ

పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో నడక ముగించుకుని నేరుగా మా దగ్గరికొచ్చే మీకు ఈ సంగతి ఎవరో చెప్పేకంటే నేనే చెప్పాలి. సోమవారం నుంచి పొద్దున 6 నుంచి 10 దాకా మా టిఫిన్ సెంటర్ వీధిలో కార్లు ఆపడానికి లేదు. టూవీలర్లు మా గోడ వైపు పెట్టుకోవచ్చు.

మా వెనక రెండు వీధుల్లో ఉగాది నుంచే ఈ ఏర్పాటు ఉంది. ఆ వేళలో ఇళ్ళవాళ్ళ బళ్ళు తప్ప వేరేవి ఆపకూడదు. బీచ్ రోడ్డులో నడిచేవాళ్ళ కోసం తెల్లవారుజామున అటు బళ్ళని రానివ్వరు కాబట్టి కార్లన్నీ పెదవాల్తేరు సందుల్లోకే వస్తాయి. ఆ రెండు వీధులూ మూసుకునేసరికి అవన్నీ మా వీధిలో పడ్డాయి. మా వీధికీ ఇదే పెడదామా అని కాలనీ సంఘంవాళ్ళు ఇంటింటికీ ఫారాలు పంచారు. మాకు ఇవ్వలేదు. అడిగితే "మీరు అద్దెకున్నవాళ్ళు కదమ్మా, ఓనర్లకే" అన్నారు. 2011 నుంచి ఈ వీధిలో పొయ్యి వెలిగిస్తున్నాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు, నీళ్ళు లేని రోజుల్లో ఈ ఇళ్ళకి ఉప్మా వండి పంపింది మేమే. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

మన దగ్గరికొచ్చే ఒకాయన కూతురు లండన్‌లో ఉంటుంది. అక్కడ ఇలాంటి పార్కింగ్ జోన్ పక్క వీధికి పెంచాలంటే కౌన్సిల్‌వాళ్ళు ఇళ్ళతో పాటు షాపులనీ అడుగుతారట, ఇళ్ళవాళ్ళు కూడా పర్మిట్‌కి డబ్బు కట్టాలట. ఇంకొకాయన లాయరు. 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ తీసి చూపించారు. బళ్ళు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చినవాళ్ళు, అదీ స్థానిక సంస్థతో సంప్రదించాక. సంఘం పెట్టిన బోర్డుకి ఆ బలం లేదు, ఫిర్యాదు కాగితం పెడదాం అన్నారు. ఆ కాగితం రెండు వారాలు గల్లాపెట్టెలో ఉంచుకున్నాను. గల్లా తీసిన ప్రతిసారీ కనబడేది. పెడితే గెలుస్తామేమో. గెలిచాక ఆ ఇళ్ళ మధ్యే కదా రోజూ పొయ్యి వెలిగించాలి. పెట్టకపోతే, మమ్మల్ని మనుషుల్లో లెక్కేయనివాళ్ళ మాటే చెల్లినట్టు. మా ఆయన "నీ ఇష్టం" అనేసి పెనం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మొన్నొక ఆదివారం ఎదురింటి మాస్టారికి ఛాతీలో నొప్పి వచ్చింది. వాళ్ళ కారు లోపల, గేటుకి అడ్డంగా తెల్ల కారు. అట్లకాడ చేతిలో ఉండగానే "తెల్ల కారు ఎవరిదండీ" అని టేబుల్ టేబుల్‌కీ పరిగెత్తాను. ఆ కారాయన టిఫిన్ ముగించి వీధి చివర ఫోన్‌లో మాట్లాడుతున్నారు. మాస్టారి అమ్మాయి గేటు పట్టుకుని నా వైపే చూస్తోంది, ఒక్క మాటా అనలేదు. కారు కదిలేసరికి ఆరేడు నిమిషాలు పట్టింది. మాస్టారు ఇప్పుడు కులాసాగా ఉన్నారు. ఆ రాత్రే కాగితం లాయరు గారికి తిరిగిచ్చేశాను.

సంఘానికి భయపడి కాదు. వీధి ఇరుకైంది మా ఒక్కరివల్లే కాదని మీటింగులో చెప్పాను, ఇకముందూ చెబుతాను. నేను వచ్చినప్పుడు ఇక్కడ డాబా ఇళ్ళుండేవి. ఇప్పుడు వరసగా అపార్ట్‌మెంట్లు, ఫ్లాటుకి ఒక్క కారు చోటు. రెండో కారు రాత్రీ పగలూ రోడ్డు మీదే. 30 అడుగుల వీధిలో ర్యాంపులు, మెట్లు పోను మిగిలేదెంత? రేపు ఇంకో వీధికి పెంచేటప్పుడైనా అక్కడి షాపులవాళ్ళకి ఫారం ఇవ్వమని రాసిచ్చి వచ్చాను. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను.

కార్లకి మెయిన్ రోడ్డు మీద వేపచెట్టు పక్క ఖాళీ స్థలం మాట్లాడాం, ఎనిమిది పడతాయి. అద్దె మేమే కడుతున్నాం, అట్టు రేటు పెంచడం లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అక్కడి నుంచి ఫోన్ చేస్తే మా అబ్బాయి పార్సిల్ తెచ్చిస్తాడు. మధురవాడలో అద్దె తక్కువ, మారిపొమ్మన్నారు కొందరు. మారం. ఆదివారం దిబ్బరొట్టి ఎప్పట్లాగే ఉంటుంది. ఎవరి గేటు ముందైనా బండి ఆపితే మాత్రం, ఎంత పాతవాళ్ళయినా సరే, అది తీసి వచ్చాకే ప్లేటు ఇస్తాను.